ఏ చేపకు ఏ చేప తోడు: దూకుడు చేపలు, సాధు చేపలు, ఒకే ట్యాంకు

అక్వేరియం దుకాణంలో ఎవరైనా మొదట అడిగేది "ఈ రెండూ కలుస్తాయా?" అన్న ప్రశ్ననే. "కలుస్తాయండీ, ఇక్కడ కలిసే ఉన్నాయి కదా" అని దుకాణదారు ఎదుటి ట్యాంకును చూపిస్తాడు. ఆయన చూపించింది నిజమే కానీ, ఆ సాక్ష్యం మన ఇంటికి చెల్లదు. దుకాణంలో ఒక్కో ట్యాంకులో పదుల కొద్దీ పిల్లచేపలు కిక్కిరిసి ఉంటాయి, వాటిలో చాలావరకు ఇంకా ఈడుకు వచ్చి ఉండవు, దాక్కోవడానికి రాయి గానీ మొక్క గానీ ఉండదు, పైగా రోజూ కొన్ని అమ్ముడుపోయి కొత్తవి వస్తూ ఉంటాయి కనుక ఏ చేపకూ ఒక మూలను సొంతం చేసుకునే వ్యవధి దొరకదు. అవే చేపలను ఇంటికి తెచ్చి, నాలుగు రాళ్ళు పేర్చి, కడుపునిండా మేత వేసి పెంచితే రెండు మూడు వారాలకు ఒకటి ఆ రాళ్ళను ఆక్రమిస్తుంది, ఆరు నెలలకు మరొకటి పక్కదాన్ని మింగగలిగేంత అవుతుంది.

నా మొదటి రెండడుగుల ట్యాంకులో రూపాయి బిళ్ళంత ఏంజెల్ చేపలు రెండు, నియాన్ టెట్రాలు పది ఉండేవి. అయిదు నెలలు ఏ గొడవా లేదు. తరువాత నియాన్లు తొమ్మిదయ్యాయి, ఏడయ్యాయి. చచ్చిన చేప ఎక్కడా కనిపించకపోయేసరికి ఫిల్టరును విప్పి వెతికాను. ఒక ఉదయం లైటు వేయగానే పెద్ద ఏంజెల్ నోట్లోంచి నియాన్ తోక, ఆ ఎర్ర గీతతో సహా, బయటికి కనిపించింది. అది మింగలేక, కక్కలేక, మొప్పలు ఎగరేస్తూ పావుగంట సేపు అలాగే నిలబడి చివరికి మింగేసింది. ఏంజెల్ సాధు చేప అని నాకు చెప్పినవారిని తప్పు పట్టలేను. అది నియాన్‌తో పోట్లాడలేదు, నియాన్‌ను మేత అనుకుంది, అంతే.

అందుకే చేపలను దూకుడువి, సాధువి అని రెండు గంపల్లో వేసి, ఒక గంపలోనివి ఒకచోట పెంచుకోవచ్చనుకునే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. ఒక చేప మరో చేపకు హాని చేయడానికి నాలుగు వేర్వేరు కారణాలు ఉంటాయి: మింగడానికి, చోటు కోసం, పిల్లల కోసం, రెక్కలు కొరికే అలవాటు వల్ల. వీటిలో ఒకదానికి పనికొచ్చే ఉపాయం మరొకదానికి పనికిరాదు. మనం ఎంచుకునే చేప ఈ నాలుగింటిలో ఏ రకంగా ప్రమాదమో తెలిస్తే, దానికి తోడుగా ఏది నిలుస్తుందో చాలావరకు అదే తేలుతుంది.

మొదటిదైన మింగడం విషయంలో బేరం లేదు. ఆస్కార్, అరోవానా, పెరిగిన ఏంజెల్ వంటివి నోట్లో పట్టే చేపను కోపంతో కాక ఆకలితో పట్టుకుంటాయి. ఇది అచ్చమైన మత్స్యన్యాయం. ట్యాంకు ఎంత పెద్దదైనా, మొక్కలు ఎన్ని నాటినా, మేత ఎంత వేసినా ఇది ఆగదు, కొంత ఆలస్యమవుతుందంతే. కొర్రమీనును పెంచే మన రైతులు పిల్లలను ఎప్పటికప్పుడు సైజుల వారీగా ఏరి వేరు చేయడం కూడా ఇందుకే; తన జాతి అయినా సరే, నోటికి పట్టితే కొర్రమీను వదలదు. కనుక రెండు చేపల పరిమాణాన్ని పోల్చేటప్పుడు కొనే రోజున ఉన్న సైజును కాక పూర్తిగా పెరిగాక ఉండే సైజును చూడాలి. పొడవును కూడా కాదు, చిన్న చేప ఒంటి మందాన్నీ పెద్ద చేప నోటి వెడల్పునూ పోల్చాలి. నియాన్ సన్నగా ఉంటుంది కనుక మింగుడు పడుతుంది. దానికంటే కాస్తే పొడవైనా, ఎత్తయిన ఒళ్ళు గల విడో టెట్రా అంత సులభంగా పడదు. కోరిడోరాస్ అనే చిన్న అడుగు చేపది ఇంకో కథ. దాని పక్క రెక్కల ముందు గట్టి ముళ్ళు ఉంటాయి, భయపడినప్పుడు వాటిని నిటారుగా బిగిస్తుంది, అందువల్ల దాన్ని మింగబోయిన ఆస్కార్ గొంతులో అది ఇరుక్కుని రెండూ చనిపోయే సందర్భాలు ఉంటాయి.

చోటు కోసం చేసే పోరు ఇలాంటిది కాదు. ఇక్కడ ట్యాంకు వైశాల్యం, రాళ్ళ అమరిక, చేపల సంఖ్య అన్నీ పనిచేస్తాయి. రెడ్ టెయిల్ షార్క్ అని అమ్మే థాయ్‌లాండ్ చేప, ఆఫ్రికాలోని మలావీ సరస్సు నుంచి వచ్చిన సిక్లిడ్ కుటుంబపు చేపలు, బెట్టా అని కూడా పిలిచే ఫైటర్ చేపల్లో మగది, ఇవన్నీ తమ పోలికలోనే ఉన్న చేప మీద ఎక్కువగా విరుచుకుపడతాయి. తన ఆకారం, తన రంగు, తన రెక్కల తీరు కనిపించినప్పుడే వాటికి పోటీదారు గుర్తుకు వస్తాడు. కాబట్టి ఇలాంటి చేపకు తోడు ఎంచేటప్పుడు దానిలాంటిదాన్ని వెతకడం తప్పు. ఎంత వేరుగా ఉంటే అంత మంచిది. నీటిలో అది తిరిగే పొర కూడా వేరు కావాలి. మన చేపల చెరువుల్లో కట్ల పై నీటిలో, శీలావతి నడిమి నీటిలో, మృగాల అడుగున మేస్తాయనే లెక్కతోనే మూడింటినీ కలిపి పెంచుతారు. ఆ లెక్కే రెండడుగుల గాజు పెట్టెలోనూ వర్తిస్తుంది.

పిల్లల కోసం చేసే పోరు తాత్కాలికమే, కానీ ఉన్నన్నాళ్ళూ తీవ్రంగా ఉంటుంది. కన్విక్ట్ సిక్లిడ్ల జంట గుడ్లు పెట్టిందంటే తమకంటే రెట్టింపు సైజున్న చేపను కూడా ట్యాంకు అవతలి మూలకు తరిమి అక్కడే నిలబెట్టేస్తుంది. సంవత్సరమంతా మర్యాదగా ఉన్న ఏంజెల్ జంట కూడా ఆ పది పదిహేను రోజులు అలాగే ప్రవర్తిస్తుంది. జంట కట్టే జాతిని తెచ్చేవారు సగం ట్యాంకు దానికి రాసి ఇచ్చినట్టేనని ముందే అనుకోవాలి.

రెక్కలు కొరికే అలవాటు పైకి చిన్నదిగా కనిపించినా అన్నిటికంటే ఎక్కువ మంది దెబ్బతినేది దీనివల్లే. టైగర్ బార్బ్, సెర్పే టెట్రా, విడో టెట్రా ఈ పనికి పేరుమోసినవి. నాలుగు టైగర్ బార్బ్‌లను ఏంజెల్‌తో పెడితే, ఏంజెల్ పొట్ట కింద వేలాడే ఆ రెండు పొడవాటి దారాల వంటి రెక్కలు వారంలో మొండిగా మిగులుతాయి. దీనికి మందు వింతగా ఉంటుంది: బార్బ్‌లను తగ్గించకూడదు, పెంచాలి. ఎనిమిది పది ఉన్న గుంపులో అవి తమలో తాము తరుముకుంటూ, పెద్దరికం తేల్చుకుంటూ పొద్దుపుచ్చుతాయి, పక్కవాటి జోలికి రావడం బాగా తగ్గుతుంది. అయినా పొడవు రెక్కల చేపను మాత్రం వాటితో పెట్టకూడదు.

సైజును బట్టి స్వభావాన్ని ఊహించేవారికి మన దేశపు చేప ఒకటి మంచి పాఠం చెబుతుంది. పడమటి కనుమల నదుల్లో పుట్టిన పీ పఫర్ నిండా పెరిగినా మూడు మూడున్నర సెంటీమీటర్లకు మించదు, బఠాణీ గింజకు కళ్ళు పెట్టినట్టు ముద్దుగా ఉంటుంది, కానీ పక్షి ముక్కు లాంటి తన పళ్ళతో తనకంటే ఎంతో పెద్ద చేపల రెక్కలను తునకలు చేస్తుంది. ముప్ఫై సెంటీమీటర్లకు పెరిగే బాలా షార్క్ మాత్రం ఎవరి జోలికీ పోదు, దాని ఇబ్బందల్లా ఈదడానికి చాలా పెద్ద ట్యాంకు కావడమే.

ముందు మీ నీరు ఏదో చూడండి

చేపలను పోల్చే ముందు నీటిని పోల్చుకోవడం మేలు, ఎందుకంటే సగం ఎంపిక అక్కడే జరిగిపోతుంది. హైదరాబాద్ శివార్లలోనూ తెలంగాణ, రాయలసీమ పట్టణాల్లోనూ చాలా ఇళ్ళకు వచ్చే బోరు నీటిలో సున్నపు పాళ్ళు ఎక్కువ. బకెట్టు అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లగా పేరుకునే పొర దానికి గుర్తు. అలాంటి నీటిలో గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ వంటి పిల్లలు పెట్టే చేపలూ, మలావీ సిక్లిడ్లూ హాయిగా బతుకుతాయి. అమెజాన్ టెట్రాలు సున్నం తక్కువగా ఉన్న నీటికి అలవాటు పడినవి. ఫారాల్లో పుట్టి పెరిగిన నియాన్లు మధ్యస్థమైన నీటికి సర్దుకుంటాయి గానీ, గట్టి బోరు నీటిలో వాటి రంగూ ఆయుష్షూ రెండూ తగ్గుతాయి. నది నీరు వచ్చే ఇళ్ళలో, క్లోరిన్ పోగొట్టే మందు వేసుకుంటే, ఎంపికకు ఎక్కువ వెసులుబాటు ఉంటుంది. మోలీని, నియాన్‌ను ఒకచోట పెట్టడం మీద నా అభ్యంతరం కూడా ఇదే. అవి కొట్టుకోవు, కానీ ఒకదానికి నచ్చిన నీరు రెండోదానికి శిక్ష.

రెండడుగుల ట్యాంకు

ఇరవై నాలుగు అంగుళాల పొడవు, పన్నెండు వెడల్పు, పదిహేను ఎత్తు ఉన్న ట్యాంకు అంచుదాకా నింపితే సుమారు 70 లీటర్లు పడుతుంది. అడుగున రాళ్ళు పోసి, పైన ఖాళీ వదిలితే 60 లీటర్లకు దగ్గరగా మిగులుతుంది. ఇందులో మూడు దారులు ఉన్నాయి, మూడింటినీ కలపకూడదు.

మొదటి దారి ఒక ఫైటర్‌ను కేంద్రంగా పెట్టుకోవడం. థాయ్‌లాండ్ 2019లో తన జాతీయ జలచరంగా ప్రకటించిన ఈ చేపకు గాలి పీల్చుకునే ప్రత్యేక అవయవం ఉండటంతో చిన్న సీసాలో కూడా ప్రాణం నిలుపుకుంటుంది, ఆ కారణంగానే దాన్ని సీసాల్లో పెట్టి అమ్ముతారు. నిలుపుకోవడం వేరు, బతకడం వేరు. రెండు మగ ఫైటర్లు ఒకే ఒరలో రెండు కత్తులే, అందులో సందేహం లేదు. కానీ ఒక్క మగ ఫైటర్ ఉన్న 60 లీటర్ల ట్యాంకులో అడుగున ఆరు కోరిడోరాస్‌లు, నడిమి నీటిలో ఎనిమిది హార్లెక్విన్ రాస్బోరాలు చక్కగా ఇముడుతాయి. ఇవి పొట్టి రెక్కలవి, చురుకైనవి, ఫైటర్ పోలికకు దూరమైనవి. దీనితో మగ గప్పీలను పెట్టవద్దు, ఆ విచ్చుకున్న రంగుల తోకను చూసి ఫైటర్ దాన్ని మరో ఫైటర్ అనుకుంటుంది. గౌరామిని కూడా పెట్టవద్దు, అది ఫైటర్‌కు దగ్గరి బంధువు, అదే పై పొరలో తిరుగుతుంది. టైగర్ బార్బ్ సంగతి పైన చెప్పిందే. ఈసారి కొరికించుకునేది ఫైటర్. ఇంత చూసి పెట్టినా కొన్ని ఫైటర్లు ఎవరినీ సహించవు. ఒక్కో ఫైటర్‌ది ఒక్కో గుణం కనుక, సహించకపోతే తక్కిన చేపలను తరలించడానికి చోటు సిద్ధంగా ఉన్నవారే ఈ దారి ఎంచుకోవాలి.

రెండో దారి గప్పీలు, ప్లాటీలు. బోరు నీరున్నవారికీ, మొదటిసారి పెంచేవారికీ, ఇంట్లో పిల్లలున్నవారికీ నేను చెప్పేది ఇదే. వీటిలో దూకుడు లేదనుకుంటారు గానీ, మగ గప్పీ ఆడదాన్ని వెంటాడటం మానదు. మగా ఆడా సమానంగా ఉంటే ఆడవి అలసి చస్తాయి. ఒక మగకు రెండు మూడు ఆడవి ఉంచాలి, లేకపోతే మగవాటినే ఉంచాలి. మగవి మాత్రమే ఉన్న ట్యాంకుకు ఇంకో లాభం ఉంది. ఆడ గప్పీ ఒకసారి కలిస్తే నెలల తరబడి పిల్లలు పెడుతూనే ఉంటుంది, పది చేపలు యాభై అయ్యాక వాటిని ఎవరికి ఇవ్వాలో తెలియక తిప్పలు పడేవారు ఎందరో.

మూడో దారి సున్నం తక్కువ ఉన్న నీటిలో నియాన్లు పది, కోరిడోరాస్‌లు ఆరు, పైన ఒక జత హనీ గౌరామి. చూడటానికి అన్నిటికంటే ప్రశాంతమైన ట్యాంకు ఇదే. హనీ గౌరామి ఈశాన్య భారతం, బంగ్లాదేశ్ నీళ్ళ నుంచి వచ్చిన తేనె రంగు చేప, మెతక స్వభావం గలది. దుకాణంలో దాని పక్కనే ఉండే నీలి గౌరామిని అదే కుటుంబం కదా అని తెస్తే మాత్రం ఏడాదిలోపు ట్యాంకుకు ఒక పెత్తందారు తయారవుతాడు.

మూడడుగులు: ఏంజెలా, బార్బా?

ముప్ఫై ఆరు అంగుళాల పొడవు, పదిహేను వెడల్పు, పద్దెనిమిది ఎత్తు ఉంటే సుమారు 160 లీటర్లు. ఇక్కడ అసలు పోటీ ఏంజెల్‌కూ టైగర్ బార్బ్‌కూ మధ్య. రెండూ అందమైనవే, రెండూ కలవవు.

ఏంజెల్‌ను ఎంచుకుంటే ఎత్తు ముఖ్యం, ఎందుకంటే పైరెక్క కొస నుంచి కింది రెక్క కొస దాకా అది ఇరవై సెంటీమీటర్లకు పైగా ఎదుగుతుంది. రెండింటిని తేవడం అన్నిటికంటే చెడ్డ ఎంపిక. అవి జత కాకపోతే ఒకటి రెండోదాన్ని రోజంతా తరుముతుంది, మూడు తెస్తే జత కట్టిన రెండూ కలిసి మూడోదాన్ని తరుముతాయి. అయిదారు పిల్లలను తెచ్చి పెంచి, జంట ఏర్పడ్డాక మిగిలినవాటిని ఇచ్చేయడం పాత పద్ధతి, ఇప్పటికీ అదే మేలు. తోడుగా ఒళ్ళు గట్టి రమ్మీనోజ్ టెట్రాలు, కాంగో టెట్రాలు, ముత్యాల చుక్కల పర్ల్ గౌరామి, అడుగున కోరిడోరాస్‌లు నిలుస్తాయి. టెట్రాలను ముందు తెచ్చి బాగా పెంచి, ఏంజెల్‌ను చిన్నప్పుడే, చివర్లో వదలాలి. తనకంటే ముందు నుంచి అక్కడ పెద్దగా ఉన్న చేపను ఏంజెల్ మేతగా లెక్కపెట్టే అవకాశం తక్కువ. నియాన్ల విషయంలో ఈ ఉపాయం కూడా పనిచేయదు.

టైగర్ బార్బ్‌ను ఎంచుకునేవారు ట్యాంకు నిశ్శబ్దంగా ఉండాలని ఆశించకూడదు. పది పన్నెండు బార్బ్‌లు, వాటితో సమానంగా పరుగెత్తగల జీబ్రా డానియోలు, రోజీ బార్బ్‌లు, అడుగున యోయో లోచ్‌ల గుంపు ఉంటే ట్యాంకు సంతలా కళకళలాడుతూ ఉంటుంది, ఎవరి రెక్కలూ చిరగవు. క్లౌన్ లోచ్‌ను ఇందుకు సూచిస్తుంటారు, స్వభావం సరిపోతుంది కానీ అది ముప్ఫై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మూడడుగుల్లో దానికి న్యాయం జరగదు. బార్బ్ కావాలి, గొడవ వద్దు అనుకునేవారికి శ్రీలంక నుంచి వచ్చిన చెర్రీ బార్బ్ ఉంది. మగది ఎర్రగా పండిన రేగుపండులా ఉంటుంది, గౌరామితోనూ టెట్రాతోనూ పేచీ లేకుండా ఉంటుంది. నన్నడిగితే ఈ చేపకు రావలసినంత పేరు రాలేదు.

నాలుగడుగులు, ఆపైన

నలభై ఎనిమిది అంగుళాల పొడవు, పద్దెనిమిది వెడల్పు, పద్దెనిమిది ఎత్తున్న ట్యాంకులో సుమారు 250 లీటర్లు పడుతుంది, దూకుడు చేపలు ఇక్కడే మొదలు కావాలి. మలావీ సరస్సు రాళ్ళ మధ్య బతికే ఎంబూనా సిక్లిడ్లకు తోడు ఎంబూనాలే. అవి ఒకదాన్నొకటి నిరంతరం తరుముకుంటాయి కనుక, వీటి ట్యాంకులో సాధారణ సూత్రం తిరగబడుతుంది: చేపలు కొంచెం ఎక్కువగా ఉండాలి. నాలుగు చేపలుంటే బలమైనది బలహీనమైనదాన్ని చంపేదాకా వదలదు. పదిహేను ఇరవై ఉంటే ఏ ఒక్కదాని మీదా కోపం నిలవదు. దానికి తగ్గట్టు ఫిల్టరు బలంగా ఉండాలి, నీరు వారం వారం మార్చాలి, రాళ్ళు పైదాకా పేర్చి సందులు వదలాలి. ఒక మగకు మూడు నాలుగు ఆడవి చొప్పున మెతక జాతులైన ఎలక్ట్రిక్ యెల్లో, రస్టీ, ఆసీ వంటివాటితో మొదలుపెట్టడం మంచిది. చారల అందం చూసి, వీటిలో మహా దూకుడైన ఆరేటస్‌ను తెచ్చినవారు ఎక్కువగా పశ్చాత్తాపపడతారు. ఎంబూనాల్లో ఎక్కువ జాతులు రాళ్ళ మీది పాచిని గీకి తినేవి కనుక స్పిరులినా అనే నాచుతో చేసిన మేత వేయాలి. మాంసపు మేత ఎక్కువైతే పొట్ట ఉబ్బి చనిపోతాయి.

ఇదే కారణంతో ఎంబూనాను ఆస్కార్‌తో కలపడం తప్పు. "రెండూ సిక్లిడ్లే, రెండూ దూకుడువే, సరిపోతాయి" అనే మాట తరచూ వినిపిస్తుంది. ఒకటి గట్టి నీటి శాకాహారి, మరొకటి అమెజాన్ మెత్తని నీటి మాంసాహారి. ఒకదానికి పెట్టే తిండి రెండోదానికి రోగం.

ఆస్కార్ పిల్లగా ఉన్నప్పుడు అయిదు సెంటీమీటర్లుంటుంది, ఏడాదిన్నరలో ముప్ఫైకి దగ్గరవుతుంది. నాలుగడుగుల ట్యాంకు ఒక్క ఆస్కార్‌కే సరిపోతుందనేది నా అభిప్రాయం. ఆరడుగుల ట్యాంకు ఉన్నవారు వెండి పళ్ళెం లాంటి సిల్వర్ డాలర్లను గుంపుగా తోడు పెట్టవచ్చు. అవి ఎత్తయినవి, వేగమైనవి, మొక్కలు తినేవి, ఆస్కార్ నోటికి పట్టవు, దానితో పోటీకి రావు. సెవరమ్ అనే మరో సిక్లిడ్ కూడా నిలుస్తుంది. బ్లడ్ ప్యారట్ అనేది తైవాన్‌లో మనుషులు చేసిన సంకరజాతి. దాని నోరు పూర్తిగా మూసుకోదు, గట్టిగా కొరకలేదు, కాబట్టి దాన్ని బలమైన సిక్లిడ్ పక్కన పెడితే చేతులు కట్టి బరిలోకి దించినట్టే.

ఫ్లవర్‌హార్న్‌కు తోడు లేదు. 1990ల్లో మలేషియాలో పుట్టిన ఈ సంకరజాతిని వాస్తు కోసమో అదృష్టం కోసమో మన ఊళ్ళలో ఎంతోమంది పెంచుతున్నారు. ఒంటరిగా ఉంటే దానికి దిగులు కదా అని అడిగేవారుంటారు. దానికి దిగులు లేదు. గాజు అవతల మన వేలు కదిలితే చాలు, నుదుటి బుడిపె ముందుకు పెట్టి వస్తుంది, ఆ కాలక్షేపం దానికి సరిపోతుంది. అడుగున పాచి తినే సక్కర్ చేపను పెడితే పడి ఉంటుందిలే అనుకున్నవారు కళ్ళు పోయిన సక్కర్‌ను చూడవలసి వస్తుంది.

సాధువులే, అయినా కలవవు

గోల్డ్‌ఫిష్ కంటే సాధువైన చేప లేదు, దానికి తోడు దొరకడం అంతకంటే కష్టం. దానికి ఇష్టమైన నీటి వేడి 18 నుంచి 23 డిగ్రీలు. గప్పీలకూ ఫైటర్‌కూ కావలసింది 25 నుంచి 28. ఒకరికి హీటరు పెడితే ఒకరికి అవస్థ. విజయవాడ ఎండల్లో గోల్డ్‌ఫిష్ పెంచడమే ఒక సాహసం, దానికి తోడు వేడి నీటి చేపలు కూడా ఎందుకు? గుండ్రటి ఒళ్ళున్న ఒరాండా, రాంచు వంటివాటిని తమలాంటి నిదాన చేపలతోనే ఉంచాలి. కామెట్ అనే సన్నని ఒళ్ళున్న చురుకైన గోల్డ్‌ఫిష్‌తో కలిపితే మేతంతా కామెట్‌దే అవుతుంది. అందరూ కలిపేది మాత్రం సక్కర్‌ను. రాత్రి పూట సక్కర్ వెళ్ళి నిద్రపోతున్న గోల్డ్‌ఫిష్ పక్కకు అతుక్కుని ఒంటి మీది జిగురును గీకి తింటుంది, పొద్దున్నే పొలుసులు లేచిన ఎర్రటి గుండ్రటి మచ్చ కనిపిస్తుంది.

షార్క్ అని పేరుపెట్టి అమ్మే మరో పిల్లచేప గురించి కోస్తావారికి చెప్పనక్కరలేదు. వెండి రంగులో అయిదారు అంగుళాలుండి ట్యాంకులో గుంపుగా తిరిగే ఆ చేప, కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో తిండికోసం పెంచే పంగాసియస్సే. మీటరు పొడవుకు మించి పెరగగలదు, పిరికిది, తలుపు గట్టిగా మూసినా అదిరిపడి గాజుకు ముట్టె పగలగొట్టుకుంటుంది. దానికి ఏది తోడు అనే ప్రశ్నకు ఒకటే జవాబు, చెరువు.

తెచ్చిన తరువాత

సరైన జోడిని ఎంచుకున్నా వదిలే క్రమం తప్పితే పాడవుతుంది. కొత్త ట్యాంకులో, చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియా విషాన్ని విరిచే ఫిల్టరు బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అమ్మోనియాతో సతమతమయ్యే చేపలు సాధువైనా చిరాకుగా ఉంటాయి. మెతక చేపలు ముందు, పెత్తనం చేసేవి చివర. ఇప్పటికే పెత్తందారు ఉన్న ట్యాంకులోకి కొత్తదాన్ని తెచ్చేటప్పుడు రాళ్ళన్నీ చోటు మార్చి పేర్చాలి, అప్పుడు పాతదానికి కూడా ఆ ఇల్లు కొత్తదే అవుతుంది. పాతవాటికి మేత వేసి, లైటు ఆర్పి, చీకట్లో వదిలితే ఆ మొదటి రాత్రి గడుస్తుంది. దూకుడు చేపల మధ్యయితే చిల్లులున్న ప్లాస్టిక్ పలకను అడ్డంగా పెట్టి వారం రోజులు ఒకదాన్నొకటి చూసుకోనివ్వడం ఇంకా మేలు.

తరుముకోవడం కనిపించిన ప్రతిసారీ కంగారు పడనక్కరలేదు. చూడవలసింది తరిమించుకుంటున్న చేపను: అది మేతకు వస్తోందా, లేక హీటరు వెనక, పై మూలలో, ముక్కు పైకెత్తి నిలబడి ఉంటోందా? రెక్క అంచు చూడండి. కొరికిన చోట గీసినట్టు తునక లేచిపోయి ఉంటుంది. కుళ్ళు జబ్బయితే అంచంతా తెల్లగా, నూగు పట్టినట్టు ఉంటుంది. మొదటిదానికి మందు వేసి లాభం లేదు, రెండోదానికి చేపను మార్చి లాభం లేదు.

వేరు చేయవలసి వచ్చినప్పుడు చాలామంది దెబ్బతిన్నదాన్ని తీస్తారు. గాయం పెద్దదైతే అదే సరి, కానీ మామూలుగా తీయవలసింది కొట్టేదాన్ని. వారం తరువాత తిరిగి వదిలితే ఈసారి అది కొత్తగా వచ్చిన చేప, దాని మూల వేరొకరిదై ఉంటుంది. అప్పటికీ మారకపోతే దుకాణానికి తిరిగి ఇవ్వడమో, పెద్ద ట్యాంకున్నవారికి ఇవ్వడమో చేయాలి. చెరువులోనో కాలవలోనో వదలడం మాత్రం వద్దు. ఆంధ్రలో వలలు చించుతూ జాలరులకు తలనొప్పిగా మారిన దెయ్యం చేప, దుకాణాల్లో పాచి తింటుందని అమ్మే ఆ సక్కర్ జాతే.

ఇన్ని జోడీలలో ఏది ఎంచుకున్నా, 20 లీటర్ల చిన్న ట్యాంకు ఒకటి, ఒక మూత, ఒక స్పాంజి ఫిల్టరు విడిగా కొని ఉంచుకోండి. కొత్త చేపలను మూడు వారాలు అందులో ఉంచితే తెల్లచుక్కల జబ్బు పెద్ద ట్యాంకుకు పాకదు, గొడవ వచ్చిన రాత్రి అదే పనికొస్తుంది. ఖాళీగా ఉన్న రోజుల్లో ఆ స్పాంజిని పెద్ద ట్యాంకులోనే ఓ మూల నడుపుతూ ఉంటే, అవసరమైన గంటలో తీసి పెట్టుకోవడానికి బ్యాక్టీరియాతో సహా సిద్ధంగా ఉంటుంది.